పత్తర్‌గట్టీ కమాన్లు హెరిటేజ్ అంటున్నరు, మరి వాటి మీదున్న ఇల్లు?

ఇరవైఒక్క_మెట్లు

అందరికి నమస్తే. కొంచెం పొడుగు పోస్టు, ఓపిక జేసుకొని చదవండి.

పోయిన నెల మా అన్న బిడ్డ పెండ్లి బట్టలకు హైదరాబాద్ పాతబస్తీల, చార్మినార్ కాడి పత్తర్‌గట్టీ బజారుకు పోయినం. నాకు ఆ బజారు కొత్త గాదు, నేను పుట్టిందే ఆడ. రాతి కమాన్ల కింద మా తాత మల్గీ, అంటే అంగడి, ఉండె. జరీ, గోటా, లేసులు, గుండీలు, మగ్గం పనోళ్లకు చెమ్కీలు అమ్మేటోడు. అంగడి మీదనే ఇల్లు. రెండూ కిరాయివే. పొద్దున ఎనిమిదింటికి మెట్లు దిగితే తాత డ్యూటీ ఎక్కినట్టు, రాత్రి తొమ్మిదింటికి మెట్లు ఎక్కితే డ్యూటీ దిగినట్టు. 1991ల ఖాళీ జేసి సరూర్‌నగర్ వచ్చినం.

మేం బట్టలు చూస్తుంటే బయట ఒక పిలగాడు మెడల చిన్న మైకు తగిలించుకొని పదిహేను ఇరవై మందికి బజారు చరిత్ర చెప్తున్నడు. మంచిగనే చెప్పిండు, అబద్ధమేం లేదు. 1908 సెప్టెంబర్‌ల మూసీ పొంగి షహర్ ఆగమైనంక, 1912ల ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టిండట. ఆ బోర్డోళ్లే రోడ్డు వెడల్పు జేసి, రెండు దిక్కుల ఒక్క తీరుగ రాయితోని ఈ మల్గీల వరుస కట్టిన్రట. పత్థర్ అంటే రాయి గదా, పేరు గట్ల వచ్చిందట. అందరు తలలెత్తి కమాన్ల ఫొటోలు తీసుకున్నరు. ఆఖరికి కిటికీల దిక్కు చెయ్యి సూపెట్టి, "పైనవి అప్పట్ల ఇండ్లు" అని ఒక్క ముక్క అని గుల్జార్ హౌజ్ దిక్కు పోయిండు.

ఆ "అప్పట్ల" అన్న మాట నాకు గొంతుల ముల్లు తట్టినట్టయింది.

మా ఆడోళ్లు చీరెలు తీసుడుల పడ్డంక నేను మెల్లగ మెట్ల కాడికి పోయిన. చిన్నప్పుడు ఇంటికి చుట్టాలొస్తే ఇరానీ హోటల్ నుంచి కేటిల్‌ల చాయ్ తెచ్చేది నేనే. తొణికితే బాపు తిడ్తడని ఒక్కొక్క మెట్టు లెక్కపెట్టుకుంట ఎక్కేటోణ్ణి. ఇరవై ఒకటి. ఈడ నా పేరు గూడ అదే పెట్టుకున్న. మొన్న మాత్రం లెక్కపెట్టలె, మోకాళ్ల నొప్పులతోని ఎక్కుడే ఎక్కువైంది.

పైన ఇల్లు లేదు. గోదాం. షాబాద్ బండలు కనవడకుండ నేల నుంచి కప్పు దాక అట్టపెట్టెలు. నడుమ ఒక మనిషి పక్కకు తిరిగి పోయేటంత సందు. మా చెల్లె ఉయ్యాల కట్టిన ఇనుప కొక్కెం దూలానికి గట్లనే ఉన్నది, దానికి కరెంటు వైర్ల కట్ట వేలాడదీసిన్రు. ముందటర్ర కిటికీకి ప్లైవుడ్ కొట్టిన్రు.

ఆ కిటికీ మా నాయినమ్మది. మొహర్రం పదో రోజు బీబీకా ఆలం (పీరు) ఏనుగు మీద దాని ముంగట్నుంచే పోయేది. బోనాల తెల్లారి అక్కన్న మాదన్న గుడి ఘటం గూడ ఏనుగు మీదనే, అదే రోడ్డు మీదికెళ్లి నయాపూల్ దిక్కు. వినాయకుల ఊరేగింపు సరేసరి. ఆలం వచ్చినా ఘటం వచ్చినా నాయినమ్మ కొంగు నెత్తిమీద కప్పుకొని ఒక్క తీరుగనే దండం పెట్టేది. "ఏనుగు ఏనుగే, అది మొక్కేటోళ్లను ఎంచుతదా" అనేది. కర్ఫ్యూ పడ్డ రోజులల్ల కింద షట్టర్లన్ని బంద్. పైన మాత్రం పక్కింటి ఖాలా కిటికీల నుంచి మా కిటికీలకు పాలగిన్నె చెయ్యి మారేది. కింద బజారు చచ్చిపోయినా పైన ఊరు బతికి ఉండె.

కిందికి దిగుతుంటే మా ఓనర్ సాబ్ మనుమడు కలిసిండు. ముప్పై ఏండ్లుంటయి, మర్యాదస్తుడు. "చాచా, గోదాం కిరాయి బాగనే వస్తది. అయితే నడిమి గోడ తీసేసి పైన గూడ షోరూం చెయ్యమంటున్నరు, అద్దాల లిఫ్టు పెట్టి. ముందటి రాయి ముట్టుకోం. హెరిటేజ్ హెరిటేజ్ లెక్కనే ఉంటది" అన్నడు. మళ్ల తనే, "మీరున్నప్పుడు ఇల్లు ఎట్లుండెనో చెప్పుర్రి, మా దగ్గర నక్షా గూడ లేదు" అన్నడు.

నాకు తెలువాల్సింది ఏందంటే, ముందటి రాయి ఉంటే హెరిటేజ్ ఉన్నట్టేనా? పైన ఇల్లు ఉన్నదా, గోదాం ఉన్నదా, లిఫ్టు ఉన్నదా అనేది ఎవల లెక్కలకు రాదా? కాయిదంల ఏమున్నది, కట్టుబడి తెలిసినోళ్లు ఏమంటరు? ఓనర్ మనుమడు ఇంకేం తేల్చుకోలె, చెప్తే ఇనేటట్టే ఉన్నడు.


జరదోజి_బాబు

అన్నా, పాత ఫొటోలు ఉంటే పెట్టుర్రి. మా మామ ఆ బజార్లనే కార్చోబు పని (చట్రం మీద జరీ కుట్టుడు) జేసేటోడు, మీ తాత దుకాణం నుంచే చెమ్కీ కొన్నడేమో!


సున్నంబట్టీ

అయ్యా, మాది రాజమండ్రి. ఇరవై ఏళ్ల పైనుంచి హైదరాబాదులో పాత కట్టడాల మరమ్మతులు చేయిస్తున్నాను. విలువ సంగతి తర్వాత. మీరు రాసినదాంట్లో నన్ను కంగారు పెట్టింది కప్పు దాకా పేర్చిన ఆ అట్టపెట్టెలు.

ఇప్పుడు మేం ఇల్లు లెక్క కట్టేటప్పుడు నేల మీద పడే బరువు చదరపు మీటరుకు 200 కిలోలు వేసుకుంటాం. దుకాణమైతే 400. గోదాముకైతే 750కి తగ్గకూడదు, సరుకు ఎంత ఎత్తు పేరిస్తే అంత పెరుగుతుంది. ఆ కాలపు మేస్త్రీ దగ్గర ఈ కోడ్ పుస్తకాలు లేవు. మంచాలు, బీరువా, బియ్యం మూట, పది మంది మనుషులు తిరుగుతారనుకుని తన అనుభవం కొద్దీ దూలం ఎంచాడు. ఇవాళ దాని మీద మూడు నాలుగింతల బరువు పెట్టి, ఇన్నేళ్లూ ఏమీ కాలేదుగా అంటున్నారు. చీరల పెట్టె ఎంత బరువో ఓనరును కాదు, మెట్ల మీద మోసే హమాలీని అడగండి. దూలం ఒక్కరోజులో విరగదు. ముందు వంగుతుంది, తర్వాత గోడలో అది ఆనుకున్న చోట సన్నగా చీలిక వస్తుంది. పెట్టెలు అడ్డం ఉంటే ఆ చీలిక ఎవరికీ కనబడదు, అదీ అసలు ప్రమాదం.

అందుకని మీ ప్రశ్నకు నా వైపు నుంచి జవాబు ఇది. పైన ఇల్లు ఉండటమన్నది మనసుకు సంబంధించిన మాట మాత్రమే కాదు. ఆ కట్టడం లెక్కే ఇంటి లెక్క. కింద బరువు, పైన తేలిక. దాన్ని తలకిందులు చేసి ముందు రాయి మాత్రం కడిగి పెడితే, పళ్లు తోమి గుండెజబ్బు వదిలేసినట్టు.

రెండో సంగతి సున్నం. ఇలాంటి గోడల్లో రాయికీ రాయికీ మధ్య ఉన్నది సిమెంటు కాదు, మీవైపు డంగు సున్నం అంటారే, అది. నానిన సున్నం, ఇసుక కలిపి డంగులో పోసి, రాతి చక్రానికి ఎద్దును కట్టి నూరేవారు. కరక్కాయ నానిన నీళ్లు, బెల్లం నీళ్లు పోసేవారు. నునుపు పూతకు గుడ్డు సొన కూడా. ఈ సున్నం మెత్తన. గోడ కాస్త కదిలితే అదీ కదులుతుంది, లోపలికి దిగిన చెమ్మను మెల్లగా బయటికి వదిలేస్తుంది. దాని మీద సిమెంటు కొట్టడమంటే చెమట పట్టిన మనిషికి రెయిన్‌కోటు తొడగడమే.

ఇది నేను పుస్తకంలో చదివి నేర్చుకోలేదు, ఒకరి ఇల్లు పాడుచేసి నేర్చుకున్నాను. 2003లో సికింద్రాబాద్ వైపు ఒక పాత ఇంట్లో గోడలకు చెమ్మ వస్తోందంటే వెళ్లి దిట్టంగా సిమెంటు ప్లాస్టరు చేయించాను. ఇంటివాళ్లు మెచ్చుకున్నారు కూడా. మూడు వానాకాలాలు తిరిగేసరికి చెమ్మ నడుము ఎత్తుకు ఎక్కింది. ప్లాస్టరు అప్పడంలా ఊడింది, ఊడుతూ వెనక ఇటుకను కూడా పొడి చేసి తెచ్చింది. ఆ ఇంటి పెద్దావిడ నన్ను ఒక్క మాట అనలేదు. ఆ ఎర్రపొడి చీపురుతో ఊడ్చి, చేటలోకి ఎత్తి, నా ముందు పెట్టి లోపలికి వెళ్లిపోయింది. ఆ చేట ఇప్పటికీ కళ్లముందే ఉంది.

2019 మేలో వాన పడ్డాక చార్మినార్ మినారు మీంచే గచ్చు పెళ్ల ఊడి కింద పడింది, గుర్తుండే ఉంటుంది. అంతమంది కాపలా ఉన్న కట్టడం పరిస్థితే అది. గోదాము గోడను ఎవరు చూస్తారు?

ఒక చిన్న పని చేయండి. ఈసారి వెళ్లినప్పుడు మెట్లు లెక్కపెట్టండి. హాస్యానికి అనడం లేదు. పాత బజార్లలో రోడ్డు గీకకుండా రోడ్డు మీద రోడ్డు వేస్తూ పోతారు. గుమ్మం కన్నా రోడ్డు ఎత్తయిందంటే వాననీళ్లు గోడ అడుగుకే చేరతాయి. ఎన్ని మెట్లు తగ్గాయో చెబితే, ఎంత మేర గోడ మట్టిలో ఉందో నేను ఇక్కణ్నుంచే చెబుతాను.


పాత_దస్తావేజు

నేను వకీలును కాను. రికార్డుల గదిలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను, కాగితం సంగతి నాకు తెలిసినంత వరకు చెబుతాను.

మన దేశంలో పట్టణాల్లోని పాత కట్టడాలకు నగర స్థాయిలో నిబంధనలు పెట్టింది ముందు ముంబయి, 1995లో. ఆ ఏడాదే హైదరాబాదుకూ వచ్చాయి. 1981 జోనింగ్ నిబంధనల్లో 13వది అంటే ఇక్కడ అందరికీ అదే గుర్తు. జాబితా, దాన్ని చూసే ఒక కమిటీ, కమిటీ చెప్పకుండా కూల్చకూడదు, మార్చకూడదు అన్న నియమం, అన్నీ దాని కిందివే. 2015 డిసెంబరులో ఆ 13వ నిబంధనను తీసేశారు. 2017లో తెలంగాణ హెరిటేజ్ చట్టం వచ్చింది. 2019లో ఎర్రమంజిల్ కూల్చి అసెంబ్లీ కట్టాలన్న మంత్రివర్గ నిర్ణయాన్ని హైకోర్టు కొట్టేసింది, పేపర్లలో చూసే ఉంటారు.

ఇందులో మీకు పనికొచ్చేది ఏమిటంటే, ఈ కాగితాలన్నిటికీ కనబడేది గోడ. ముంబయి పద్ధతిలో మొదటి గ్రేడు కట్టడమైతే లోపలా బయటా ముట్టుకోనివ్వరు. రెండో గ్రేడులో లోపలి మార్పులకు పరిశీలించి ఒప్పుకుంటారు. మూడో దానిలో ఇంకా సడలింపు. కానీ ఏ గ్రేడులోనూ "ఇక్కడ వంటిల్లు ఉండేది, వంటిల్లే ఉండాలి" అని రాసి ఉండదు, రాయడానికి వీలు కూడా లేదు. మనుషులు ఎక్కడ పడుకోవాలో చట్టం చెప్పలేదు కదండీ. ఎర్రమంజిల్ కోసం కోర్టుకెళ్లేవాళ్లు దొరికారు, అది కొండమీది మహలు. మీ నాయనమ్మగారి కిటికీ కోసం ఎవరు రిట్ వేస్తారు?

అట్లాగని మహళ్లన్నీ బతికాయనీ కాదు. మీ తాతగారి మల్గీకి కూతవేటు దూరంలోనే దివాన్ దేవిడీ ఉండేది, నిజాంల ప్రధానమంత్రులు సాలార్‌జంగుల ఇల్లు. ఇప్పటి సాలార్‌జంగ్ మ్యూజియం 1951లో నెహ్రూ చేతుల మీదుగా తెరిచింది అందులోనే. 1968లో సామాను మూసీ ఒడ్డున కొత్త భవనానికి తరలిపోయింది. తర్వాత ఆ దేవిడీ కూడా పోయింది, ఇవాళ అక్కడ కాంప్లెక్సులు, బట్టల దుకాణాలు, పాత దర్వాజా మిగిలాయి. ప్రధానమంత్రుల ఇల్లు పోయి, గుండీలమ్మే మల్గీ నిలబడింది. ఎందుకంటారు? దేవిడీకి ఒకటే పని, ఆ పని అయిపోయింది. మల్గీకి రోజూ పొద్దున షట్టరు తీసే మనిషి ఉన్నాడు. నా లెక్కలో మీరడిగిన విలువంటే అదే. అయితే మీ పై అంతస్తుకు ఆ రోజువారీ మనిషే లేకుండా పోయాడు.

ఓనరు అబ్బాయికి చెప్పండి. నడిమి గోడ మీద సుత్తి పడకముందే కొలతలతో లోపలి నక్షా ఒకటి గీయించమనండి, ఫొటోలతో సహా. పాత కట్టడాల పని తెలిసిన ఆర్కిటెక్టు చేయాలి, పాత కట్టడాల రక్షణ కోసం పనిచేసే ఇంటాక్ సంస్థ హైదరాబాద్ వాళ్లను అడిగితే దారి చెబుతారు. కట్టడం ఏ జాబితాలో ఉందో, ఏ అనుమతి కావాలో రాతపూర్వకంగా తెలుసుకున్నాకే పని మొదలుపెట్టాలి. మీరు మాత్రం గదులు ఎట్లా ఉండేవో జ్ఞాపకం ఉండగానే ఒక కాగితం మీద గీసివ్వండి. నేను చూసిన దస్తావేజుల్లో "తూర్పు హద్దు ఫలానా వారి మల్గీ" అని ఉంటుంది గానీ, లోపల ఏ గది ఏమిటో ఎక్కడా ఉండదు.


షట్టర్_వాలా

అన్నా, బాధ సమజైంది. గని నేను ఆడ్నే రోజు కూసుంటున్న, నా మాట గూడ ఇనుర్రి.

మీరు 1991ల పోయిన్రు. పోయి మంచి పని జేసిన్రు. పైన బాత్రూం ఏడున్నదో, పండుగ రోజులల్ల నీళ్లు ఎన్ని గంటలకు వస్తయో మీకు యాదికున్నదా? రంజాన్ నెల రాత్రి మూడింటి దాక బజారు. కింద లౌడ్‌స్పీకర్, పైన మీ పిల్లలకు తెల్లారి పరీక్ష. ముసలోళ్లకు దమ్ము వస్తే అంబులెన్స్ మదీనా చౌరస్తా కాడ్నే ఆగిపోతది. నా మల్గీ మీద గూడ ఇల్లుండె, మా అమ్మీనే "ఇగ వద్దు, టోలీచౌకీ పోదాం" అన్నది.

ఇంకోటి. 2025 మే 18 పొద్దుగాల గుల్జార్ హౌజ్ కాడ అగ్గి అంటుకొని ఏమైందో మర్చిపోయిన్రా? కింద దుకాణాలు, పైన ఇల్లు. మీరు మెచ్చుకునే లెక్కనే. లోపలికి ఒక్కటే ఇరుకు తొవ్వ. 17 మంది పోయిన్రు, ఆడోళ్లు, చిన్నచిన్న పిల్లలు. ఒక్క ఖాందాన్. ఆ పొగ నేను కండ్లార చూసిన. ఆ దినం నుంచి ఎవలన్న వచ్చి "కింద అంగడి పైన ఇల్లు, ఎంత బాగుండె" అంటే నాకు మంటొస్తది. మాఫ్ కర్నా.

గోదాం ఉంటే రాత్రి మనుషులుండరు. కాలితే సరుకు కాలుతది.


పినాంగ్_గోదావరి

మలేసియాలో పినాంగ్‌లో ఉద్యోగం, తణుకు దగ్గర ఊరు మాది. ఈ తగువు ఇక్కడ జరిగిపోయింది, అందుకే రెండు ముక్కలు.

ఇక్కడి జార్జ్‌టౌన్ అంతా కింద కొట్టు, పైన ఇల్లే. ముందు ఐదడుగుల నడవా, వానలో కూడా తడవకుండా కొట్టు మీంచి కొట్టుకు నడిచిపోవచ్చు. మీ పత్తర్‌గట్టీ కమాన్ల కింద నడిచినప్పుడు నాకు ఇదే గుర్తొచ్చింది. మెలాకాతో కలిపి 2008లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది. కానీ అంతకు ఎనిమిదేళ్ల ముందే, 2000లో, పాత అద్దె నియంత్రణ చట్టం పోయింది. అద్దెలు పెరిగాయి, తరాలుగా పైన ఉన్నవాళ్లు దిగిపోయారు. బిరుదు వచ్చేసరికి ఇల్లు ఖాళీ!

ఖాళీ గదుల్లో ఏం పెట్టారో తెలుసా? పిట్టల్ని. గూళ్లతో సూపు చేసుకునే పిట్ట ఒకటుంది, దాని గూడు ధర బంగారంలా ఉంటుంది. కిటికీలు మూసేసి, లోపల స్పీకర్లలో పిట్టకూతలు పెట్టి రప్పించేవారు. తర్వాత హెరిటేజ్ ప్రాంతంలో అది నిషేధించారు. ఇప్పుడు కాఫీ కొట్లు, హోటలు గదులు. ముందు గోడలు మాత్రం పెళ్లికొడుకుల్లా ఉన్నాయి.

షట్టర్‌వాలా గారి మాట కొట్టిపారేయలేం. ఇక్కడా పాత మెట్లు నిటారే, ఒక్కటే దారి ఉన్న ఇళ్లు బోలెడు. కాకపోతే ఒక అనుమానం: మీ ఇంటికి అసలు ఒక్కటే దారి ఉండేదా? పెద్ద కుటుంబం, వెనక వంటిల్లు ఉండే ఉంటాయి. నీళ్లు, కట్టెలు, చెత్త అన్నీ ముందు బజార్లోంచే ఎక్కేవా?


ఇరవైఒక్క_మెట్లు

రెండు వారాలైంది, జవాబు ఆలస్యమైంది, మన్నించుర్రి. మీరందరు రాసింది ఓనర్ మనుమనికి చదివి వినిపించిన. ఆదివారం పొద్దున బజారు లేవకముందే ఇద్దరం పోయినం.

మొదలు మెట్లు. పందొమ్మిది! నాకు నమ్మబుద్ధి గాలె, దిగి మళ్ల ఎక్కిన. పందొమ్మిదే. రోడ్డు రెండింటిని మింగింది. సున్నంబట్టీ గారూ, కింది గోడకు అరచెయ్యి పెడితే సల్లగ అంటుకున్నది, తెల్ల ఉప్పు పొక్కులు గూడ కనవడ్డయి.

షట్టర్‌వాలా భాయ్, మీ మాటకు నాకు కోపం రాలె. గుల్జార్ హౌజ్ సంగతి చదివినంక ఆ రాత్రి నిద్రనే పట్టలె. మా అమ్మ గూడ ఆ బాత్రూంను తిట్టుకుంటనే పందొమ్మిది ఏండ్లు కాపురం జేసింది. అంత బాగుండె అని నేను అంటలేను. గని పినాంగ్ తమ్ముడు అడిగినంక నాకు యాదికొచ్చింది, వెనక తొవ్వ!

వంటింటి పక్కకు ఇంకో మెట్లు ఉండె, సన్నయి, వెనక గల్లీల పడేవి. పాలాయన, కట్టెలాయన అటే వచ్చేది. నాయినమ్మ కూరగాయలకు మీర్ ఆలం మండికి పోయేది అటు నుంచే, అంగట్లకెళ్లి పోతే గిరాకీకి అడ్డమని తాత వద్దనేటోడు. గీ సంగతి మనుమనికి చెప్తే నోరెళ్లబెట్టిండు. "చాచా, ఆడ దర్వాజ ఉండెనా?" ఇద్దరం కలిసి నలభై పెట్టెలు పక్కకు జరిపినం. నా నడుము ఇంక నాదిగాదు. పెట్టెల వెనక గోడ. సిమెంటు పూత, చుట్టు గోడ రంగు వేరు, ఆ ముక్క రంగు వేరు. తాళంచెవితోని కొడితే డొల్లగ మోగింది. పైన చూస్తే పాత దర్వాజ రాతి పట్టె సగం పూతల నుంచి బయటికి కనవడుతున్నది.

ఫోన్ జేస్తే వాళ్ల నాయిన చెప్పిండట, గోదాం కిరాయికిచ్చినప్పుడు దొంగల భయమని సరుకోళ్లే ఇటుకలతోని మూసిన్రట. అంటే మా ఇల్లు రెండు తొవ్వల ఇల్లు. ఒక్క తొవ్వ ఇల్లు చేసింది గోదాం. భాయ్, మీరే చెప్పుర్రి, ఆ గోదాంల పగటిపూట నలుగురు హమాలీలు, ఒక గుమాస్తా ఉంటరు. నిప్పు రాత్రే రావాలని ఏమన్న ఉన్నదా?

"మళ్ల ఇల్లు జెయ్యమంటే నా పెండ్లామే రాదు చాచా" అన్నడు మనుమడు. నిజమే, నేను గూడ రాను. గని జరదోజి_బాబు వాళ్ల మామ సంగతి చదివి తనే ఒక ఉపాయం జెప్పిండు. ముందటర్రల ఐదారు మంది కార్చోబు పనోళ్లను కూసోబెడ్తడట. కట్టె చట్రాలు, సూదులు, దారం, బరువేం ఉండదు. ఆ పనికి పగటి వెలుతురు కావాలె, కిటికీలు తెరవక తప్పదు. కిరాయి గోదాం కంటె తక్కువనే వస్తది, దాని మీద ఇంట్ల పంచాయతి నడుస్తున్నది. అద్దాల లిఫ్టు ముచ్చట మాత్రం ఇప్పుడైతే బంద్ వెట్టిండు. పాత_దస్తావేజు అమ్మా, నక్షా నేను గీసిచ్చిన, వంటిల్లు కొంచెం పెద్దగ వచ్చింది.

ప్లైవుడ్ ఒక పక్క మేకులు ఊడబీకి చూసినం. బజారు ఇంక లేవలె. కింద ఒకాయన బండి మీద బన్నులు సర్దుకుంటున్నడు, చప్పుడైతే తలెత్తి మా దిక్కు చూసిండు. చెయ్యి ఊపిన. ఆయన గూడ ఊపిండు, ఎవలనుకున్నడో ఏమో.

సున్నంబట్టీ గారూ, ఆ మూసిన దర్వాజ ఇటుకలు తీపిస్తనని మనుమడు తొందరపడుతున్నడు. మేస్త్రీని గూడ మాట్లాడిండు. తియ్యొచ్చునా?


సున్నంబట్టీ

వద్దు. బుధవారం పొద్దున నేను వస్తాను. అప్పటిదాకా ఆ గదిలో కొత్త పెట్టె దించనివ్వకండి, ఒక్క ఇటుక కూడా కదపనివ్వకండి. మూసి ఇన్నేళ్లయింది, పై దూలం వంగి ఆ ఇటుకల మీదే ఆనుకుని ఉందేమో చూడాలి. ఉంటే ముందు కింద ఆసరా పెట్టి, ఆ తర్వాతే పైనుంచి వరసగా తీయాలి.

రెండు మెట్లంటే అటూ ఇటూగా అడుగు ఎత్తు గోడ రోడ్డు కింద ఉందన్నమాట. ఒక గడ్డపార, టార్చిలైటు, పాత గోనెసంచులు నాలుగు ఉంచమనండి. ఆ మేస్త్రీని కూడా ఉండమనండి, సిమెంటు సంచి మాత్రం తేవద్దని చెప్పండి.